కుడిపక్కన తొక్కిన రోజులు

సింగపూర్‌లో చలికాలం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యపు గాలి వానలు తెస్తుంది. పొద్దున పూట కాస్త చల్లబడితే చాలు, మా ఆఫీసులో అందరూ స్వెట్టర్లు బయటికి తీస్తారు. నాకు తెలిసిన సైకిలువాళ్లలో సగంమంది ఆ రెండు నెలలూ బయటికి రారు. నాకు మాత్రం ఏడాదిలో ఇష్టమైన కాలం అదే. బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్ నుంచి తెల్లవారకముందే బయల్దేరి, దీవికి అటు చివరనున్న చాంగీ తీరం చేరేసరికి రోడ్డు తడిగా, ఖాళీగా ఉండేది. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో కాబట్టి వానలో ఎందుకు తొక్కుతావని ఎవరడిగినా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. చిన్నప్పుడు దొరకనిది ఇప్పుడు తీర్చుకుంటున్నానని చెప్పేదాన్ని. అది పూర్తిగా నిజం కాదు. వానలో నన్ను ఎవరూ పలకరించరు, అదే అసలు కారణం.

ఆయన పలకరించింది కూడా వానలోనే. చాంగీ తీరం రోడ్డు మీద వాన తగ్గేదాకా ఒక షెడ్డు కింద నిలబడి మా చెల్లెలితో ఫోనులో మాట్లాడుతున్నాను. ఫోను పెట్టేశాక పక్కనున్న పెద్దాయన, "తెలుగేనా అమ్మా? మాదీ తెలుగే," అన్నాడు. పాత ఇనప సైకిలు, మడ్‌గార్డులతో సహా శుభ్రంగా ఉంది. వయసు డెబ్బైకి దగ్గర. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేషియాకు, పేరా రాష్ట్రంలోని కొబ్బరి తోటల్లో పనికి వచ్చాడట. ఈయన ఇరవై ఏళ్లప్పుడు పని కోసం సింగపూర్‌కు దిగి, ఇక్కడి షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. పుంగ్గోల్‌లో కూతురి దగ్గర ఉంటాడు. తెలుగు చదవడం రాదు. మాట్లాడితే మాత్రం ఉత్తరాంధ్ర మాట అచ్చంగా వినిపించేది, మధ్యలో మలయ్ ముక్కలు పడేవి. "హుజాన్ తగ్గనీ, మకాన్ చేసి ఎల్దాం" అంటే వాన తగ్గాక ఏదైనా తిని వెళ్దామని.

ఆ రోజు నుంచి శనివారాలు ఇద్దరం కలిసి తొక్కాం. ఒప్పందం ఏదీ లేదు. ఆరింటికి ఆ షెడ్డు దగ్గర ఆయన ఉండేవాడు, నేను వెళ్లేదాన్ని. మాటలు తక్కువ. ఆయనలో ఒక్క పద్ధతి మాత్రం నాకు నచ్చేది కాదు. రెండు వరసల రోడ్డు మీద పక్కపక్కన తొక్కేటప్పుడు ఎప్పుడూ నన్ను కుడివైపుకు, అంటే బండ్లు వెళ్లే వైపుకు పంపేవాడు. తాను ఎడమ అంచు పట్టుకునేవాడు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను లోపలివైపు ఉంచుతారు గదా అని మనసులో అనుకునేదాన్ని. పైకి అనలేదు. ఏడాదికి పైగా అనలేదు.

రెండో ఏడు జనవరిలో పడవెక్కి అవతలి ఒడ్డుకు పోదామన్నాడు ఆయన. చాంగీ రేవు నుంచి మలేషియాలోని పెంగెరాంగ్‌కు చిన్న పడవలు పోతాయి. పన్నెండుమంది కూడితేనే కదులుతాయి. అక్కడి నుంచి తీరం వెంబడి తూర్పుగా పోతే సుంగై రెంగిట్ అనే చేపల ఊరు వస్తుంది. మామూలు రోజుల్లో సైకిలువాళ్లు గుంపులుగా పోతారట. ఆ నెలలో మేమిద్దరమే. దారి పొడవునా సముద్రం మట్టిరంగులో ఉంది. ఊళ్లో సగం హోటళ్లు మూసేశారు. తెరిచి ఉన్న ఒక్క హోటల్లో, మేము తప్ప ఎవరూ లేని చోట, వేయించిన చేప, అన్నం తిన్నాం. హోటలామె వంటగదిలోంచి కుర్చీ తెచ్చుకుని మా ఎదురుగా కూర్చుని ఆయనతో మలయ్‌లో చాలాసేపు మాట్లాడింది. ఏమంటోందని అడిగితే, ఈ కాలంలో ఎవరూ రారు, మీరెందుకు వచ్చారని అడుగుతోందన్నాడు.

తిరుగు దారిలో చినుకులు మొదలయ్యాయి. రెయిన్‌కోటు వేసుకుంటాను, మీరు నిదానంగా పోతూ ఉండండని చెప్పి నేను ఆగాను. వంద గజాల ముందు ఆయన వానకు ఎక్కడైనా నిలబడదామనో ఏమో కుడిచేతికి తిరిగాడు. చెయ్యి చాపాడు గానీ వెనక్కి చూడలేదు. వెనక ఒక మోటారు సైకిలు వస్తోంది. నేను అరిచాను, వానలో అది ఆయనకు అందలేదు. బండి నడిపే ఆమె బ్రేకు కొట్టి, ఇసుకలో జారి, ఆయన చక్రానికి జానెడు దూరంలో నిలబడింది. ఆయన కంగారులో సైకిలుతో సహా గడ్డిలో పడ్డాడు.

నేను చేరేసరికి ఆమె ఆయన సైకిలు లేపి పట్టుకుని ఉంది. తిట్టలేదు. కనపడలేదా అంకుల్ అని మాత్రం అడిగింది. ఆయన తల వంచుకుని మలయ్‌లో క్షమించమన్నాడు. ఆయన రెండు అడుగులు సరిగా వేసేదాకా చూసి వెళ్లిపోయింది.

మోచెయ్యి గీసుకుపోయింది, హ్యాండిలు పక్కకు తిరిగింది. మూసేసిన పండ్ల కొట్టు కిందికి తీసుకెళ్లి నా సీసాలో నీళ్లతో చెయ్యి కడిగాను. హ్యాండిలు సరిచేస్తుంటే ఆయన చెప్పాడు.

"కుడికన్ను లేదమ్మా నాకు. మూడేళ్లయింది. లోపల ఒత్తిడి పెరిగి నరం పోయిందన్నాడు డాక్టరు."

"మరి రోడ్డు మీద ఎట్ల తొక్కుతాండారు?"

"కుడిపక్కన నువ్వుంటావు కదా."

నాకు కోపం వచ్చింది. ఆయన పడినందుకు కాదు. ఏడాదిగా నా మోచేతిని రాసుకుంటూ పోయిన బస్సులు, లారీలు గుర్తొచ్చాయి. వాటికీ ఆయనకూ మధ్య నేను గోడనని నాకు తెలియదు. మాట్లాడుతూ, ఎటో చూస్తూ, ఇష్టమొచ్చినట్టు వెనకబడుతూ తొక్కాను.

"ముందే చెప్పింటే నేనింకా చూసుకొని తొక్కేదాన్ని గదా అంకుల్."

"సెప్తే నువ్వొచ్చేదానివి కాదు," అన్నాడు.

నేను హ్యాండిలు బిగించాను. ఆ మాట గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. బహుశా వెళ్లేదాన్ని కాదు.

రేవు దాకా నేను కుడిపక్కన, అర చక్రం వెనకగా తొక్కాను. బండి వచ్చినప్పుడల్లా లారీ అనో, బైకు అనో గట్టిగా చెప్పాను. రేవులో మాతో కలిపి ఏడుగురమే ఉన్నాం. ఇంకో ఐదుగురు వచ్చేదాకా రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. ఆయన రోడ్డెక్కుతున్నట్టు కూతురికి తెలియదని అప్పుడు తెలిసింది. పుంగ్గోల్‌లో నీళ్ల పక్కన నడక దారి మీదే తొక్కుతున్నాడని ఆ అమ్మాయి నమ్మకం. ఆమెకు చెప్పేదాకా నేను రానన్నాను. ఆయన సరేనని తలూపాడు. పడవలో సైకిళ్ల మీద టార్పాలిన్ కప్పారు. అలలు పెద్దవిగా ఉన్నాయి. ఒకావిడ దారంతా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

నాలుగు రోజుల తర్వాత కూతురు ఫోను చేసింది. నన్నే అంటుందనుకుని సిద్ధపడ్డాను. "నాన్న చెప్పేశారు ఆల్రెడీ. కన్ను సంగతి మీకు చెప్పలేదంట కదా. అంత స్టబర్న్ లా, ఆయన," అంది, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి. తర్వాత, ఏడాదిగా ఆయనతో పాటు వెళ్లినందుకు థాంక్స్ అంది. అది నేను ఊహించలేదు. వానల గురించి ఏదో మాట్లాడాను.

ఆ వానాకాలం మిగతా శనివారాలు ఒంటరిగా తొక్కాను. ఎవరూ పలకరించని రోడ్డు మళ్లీ నా చేతికొచ్చింది. కానీ ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలేసి తొక్కుతున్నానని వెనకనుంచి వచ్చిన ఒకతను హారన్ కొట్టి చెప్తే గానీ గమనించలేదు. ఆయన రోడ్డు మానేశాడు. నడక దారి మీదే నిదానంగా తొక్కేవాడు. నెలకోసారి రైలెక్కి పుంగ్గోల్ వెళ్లి, ఆయన సైకిలు తోసుకుంటూ వస్తే పక్కన నడిచేదాన్ని. మొదట్లో నడక ఇద్దరికీ విసుగ్గా ఉండేది.

మరుసటి డిసెంబరులో కూతురే దారి చెప్పింది. పులావ్ ఉబిన్ దీవిలో బండ్లు అరుదు, ఇద్దరు కూర్చుని తొక్కే సైకిళ్లు అద్దెకిస్తారు. ఒక పనిరోజున సెలవు పెట్టి వెళ్లాం. అద్దె సైకిలు బరువు, గేర్లు మార్చినప్పుడల్లా చైను కరకరలాడేది. ఆయన వెనక కూర్చున్నాడు. మొదటి పల్లంలోనే నేను బ్రేకు పట్టుకోగానే, ఎందుకంత బ్రేకు అని విసుక్కున్నాడు. రెండో పల్లంలోనూ అదే మాట. మూడోదానికి బ్రేకు వదిలేశాను. బురద ఇద్దరి వీపుల దాకా ఎగిరింది. రాతిగని దగ్గర ఆగి ఒకే రొట్టెను ఇద్దరం పంచుకుని తిన్నాం. ఈసారి ముందు తాను కూర్చుంటానన్నాడు. కుదరదన్నాను. కాసేపు ముఖం ముడుచుకుని, తర్వాత తానే వెళ్లి వెనక సీటు ఎత్తు సరిచేసుకున్నాడు.