పలుపు లేని దొడ్డి

బాలవ్వ దొడ్డిలో వెతికినా ఒక్క పలుపు దొరికేది కాదు. నస్రుల్లాబాద్ పక్కనున్న ఆ పల్లెలో మెడకు తాడు వేయకుండా బర్రెల్ని సాకే ఇల్లు అదొక్కటే, అందుకే ఊరంతటికీ నవ్వులాట. పొద్దున్నే కంప తీసి "హో... రాండ్రమ్మా" అంటే చాలు, నాలుగు బర్రెలూ ఆమె వెంట నడిచేవి. ఒక గట్టు మేశాక అది మళ్లీ చిగురించేదాకా అటువైపు తోలేది కాదు. దూడ కడుపు నిండాకే పాలు పితికేది. మొగుడు రాజారాం సణిగేవాడు గానీ, వాటి పెంటతోనే తమ రెండెకరాలూ పండుతున్నాయని అతనికీ తెలుసు.

రెండువేల రెండులో వానలు మొహం చాటేశాయి. నిజాంసాగర్ కాలువ ఎండింది, గట్లు బోడిగుండ్లయ్యాయి. కరువులో అధికమాసమన్నట్టు అప్పుడే చుక్కబర్రె ఈనింది.

"ఒంట్ల కండ ఉన్నప్పుడే బాన్సువాడ అంగడికి తోల్కపోదాం," అన్నాడు రాజారాం.

"అంగడికి పోయినయి ఏడికి పోతయో నీకెరుక లేదా? కటికోనికి ఇయ్య. నా చేతుల మీద పుట్టినయి, పోతే నా చేతుల మీదనే పోవాలె."

"మరి ఆకలికి చంపుడు పుణ్యమా?"

బాలవ్వ మొండిది. చింతాకు దూసింది, తుమ్మకాయలు ఏరింది. అయినా బర్రెల పక్కటెముకలు తేలాయి.

సొంత చేలో వాడిపోయిన జొన్న ఉంది. వాడిన జొన్నలో నాము ఉంటుందనీ, ఆ విషం తగిలితే గొడ్డు నిలబడ్డచోటే కూలుతుందనీ ఆమెకు తెలుసు. అందుకే దాని చుట్టూ కంప వేసి ఉంచింది. వాన పడితే నాము విరుగుతుందని తల్లి చెప్పిన మాటా గుర్తుంది.

ఒక సాయంత్రం జల్లు పడింది. నాలుగు రోజులకు జొన్న మొదళ్లలోంచి పచ్చటి పిలకలు లేచాయి. అంత పచ్చదనం చూసి ఎన్నాళ్లయిందో, బాలవ్వకు ఏడుపొచ్చింది. కంప లాగేసింది.

"తినుండ్రి బిడ్డా, కడుపునిండ తినుండ్రి."

పాపిష్టిది, తల్లి మాట సగమే పట్టుకుంది. మంచి వాన పడి పైరు ఎదిగితేనే నాము విరిగేది. జల్లుకు లేచిన పిలకంతా విషమే.

ఆకలి మీదున్న చుక్కబర్రె అందరికంటే ముందు చేలో పడింది. కాసేపటికే నోట నురగ వచ్చింది, కాళ్లు వణికాయి, కూలిపోయింది. బాలవ్వ బెల్లం నీళ్లు పోస్తే గొంతు దిగలేదు. మిగతా మూడింటినీ రాజారాం కట్టెతో కొట్టి బయటికి తరిమాడు. దూడ వచ్చి చచ్చిన తల్లి పొదుగు కుడవబోయింది. ఏనాడూ దూడను లాగని బాలవ్వ ఆనాడు లాగింది.

రాజారాం కంప తెచ్చి మళ్లీ చేను చుట్టూ వేశాడు. చివరికి ఆమే అడిగింది.

"అంగడి ఎప్పుడు?"

తల్లిలేని దూడను పక్కింటి దేవిదాస్ సాకుతానన్నాడు. పలుపులు కూడా అతని దగ్గరే బదులు తెచ్చారు. మెడకు తాడు పడగానే బర్రెలు బెదిరి మొరాయించాయి, ఒకటి పడి మోకాలు చీరుకుంది. బాలవ్వ తాళ్లు విప్పించి ముందు నడిచింది. బాన్సువాడ దాకా మూడూ బుద్ధిగా ఆమె వెనకే వచ్చాయి.

అంగట్లో బేరం కుదిరింది. కొన్నవాడు తాళ్లు వేసి లాగాడు, తోక మెలిపెట్టాడు, కొట్టాడు. ఒక్కటీ కదలలేదు.

"అవ్వా, నీ మాట వింటయట గద. జర లారీ ఎక్కేదాక నువ్వే పిలువరాదు?"

రాజారాం తల దించుకున్నాడు. బాలవ్వ లారీ దగ్గరికి నడిచి, వెనక్కి తిరిగి, "హో... రాండ్రమ్మా" అంది.