జుబేదా చూసిన సినిమా

వాన వెలిసిన సాయంత్రం మెట్టుగూడ వీధిలో బొగ్గుల మీద మక్కకంకులు కాలే వాసన వస్తే అందరికీ నోరూరుతుందేమో గానీ, నాకు మాత్రం కడుపులో పాత కుళ్ళు లేస్తుంది.

గుడివాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులం మేము. నాన్న రైల్వేలో గుమాస్తా. మా గోడకు ఆనుకున్న క్వార్టరు జుబేదా వాళ్ళది. గచ్చకాయలైనా, తొక్కుడుబిళ్ళైనా ఇద్దరం కలిసే ఆడేవాళ్ళం. ఆదివారం మా కోడికూర, పండుగనాడు వాళ్ళ సేమ్యా ఖీరు ఆ గోడ మీదుగానే గిన్నెలు మారేవి. అంత స్నేహమూ ఒక్క సినిమాతో చెడింది.

ఎవరో అమెరికా పాటల రచయిత జీవితమట, పాటలూ నాట్యాలతో ఇంగ్లీషు సినిమా, కంటోన్మెంటు హాల్లోకి వచ్చింది. జుబేదా మామ ఆ హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు గనుక అది మొదటి రోజే చూసేసింది. మిషన్ బడిలో ఇంగ్లీషు పద్యాలు ఒప్పజెప్పేది నేను, ఇంగ్లీషు ముక్క రాని జుబేదా సినిమా చూడటమా అని రాత్రి అన్నం మానేశాను. సినిమాలంటే మా చర్చి పాస్టరు అయ్యగారికి గిట్టకపోయినా, నా ఏడుపు చూడలేక శనివారం తీసుకెళ్తానని నాన్న ఒప్పుకున్నాడు.

ఆ వారమే నిజాం మీద పోలీసు చర్య మొదలైంది. హాళ్ళు మూశారు, వీధి తలుపులు బిగించారు, మగవాళ్ళు రేడియో చుట్టూ గుసగుసలాడుతుంటే పిల్లలమంతా పెరటి అరుగు మీద చేరేవాళ్ళం. అక్కడ సినిమా కథ చెప్పే జుబేదాయే మహారాణి. అందరూ కాల్చిన కంకులు తెచ్చి ముందు దానికే పెట్టేవాళ్ళు. పేరు పోయి, ఇల్లు పోయి, పాటలు రాసినాయన వానలో తడుస్తూ అరుగు మీద కూర్చుంటాడట. అటుగా పోయే జట్కావాడు ఆయన పాటే పాడుతుంటాడట. ఎవరిదయ్యా ఆ పాట అని అడుగుతాడట ఈయన.

"ఎవరిదో నాకేం ఎరుక సాబ్, మా గల్లీల అందరం పాడ్తం, మాదే అనుకో అన్నడు" అని జుబేదా ఆగి, నా వంక చూసి, "గప్పుడు గాయన నవ్విండే, నువ్వు చూడాలె" అంది.

అందరితో పాటు నేనూ ఏడ్చాను, కాకపోతే నాది కుళ్ళుతో ఏడ్చిన ఏడుపు. హాళ్ళు తెరిచేసరికి ఆ సినిమా వెళ్ళిపోయింది. మరుసటి ఏడు జుబేదా వాళ్ళు కరాచీ వెళ్ళిపోయారు.

ఆ క్వార్టర్లు లేవిప్పుడు, హాలున్న చోట బట్టల దుకాణం వెలిసింది. మొన్న మనవరాలు ఎక్కడో వెతికి ఆ సినిమా తన ఫోనులో పెట్టింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా చూశాను. పాటలాయన పెద్ద మేడలో ఉన్నాడు, చివర్లో వందలమంది నాట్యమాడారు, చప్పట్లు కొట్టారు. వాన లేదు. జట్కావాడు లేడు.

బాగుందా నానమ్మా అని అడిగింది మనవరాలు. జుబేదా చెప్పినంత బాగా లేదన్నాను. ఇన్నేళ్ళూ అది సినిమా చూసిందనే కుళ్ళుకున్నాను. అలాంటి కథ దానికి తోచింది, ఇంత ఇంగ్లీషు చదివిన నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆ రాత్రి కూడా నాకు అన్నం సహించలేదు.