గిటారన్న పసుపుకొమ్ము

బోధన్‌ల పెళ్లిళ్లకు వాయించే మా బ్యాండుల గిటారు వాయించేటాయనను అందరం గిటారన్న అనేటోళ్లం. పాటకు ముందు, పొట్ట బోలుగున్న తన కరెంటు గిటారును చెవికాడ పెట్టుకొని ఊపేటోడు. లోపల గలగలమనేది. అది కొన్ననాడు వాళ్లవ్వ పూజ చేసి, మీదున్న వంకర సందులకెల్లి పసుపుకొమ్ము ఏసిందట. అప్పుడు గిటారన్న అవ్వ మీద మస్తు గరమైండట.

అవ్వ పోయినంక ఒకపారి గిటారు లోపలి వైరు తెగితే నిజామాబాద్‌ల రిపేరుకిచ్చినం. తీసుకరానీకి పోతే షాపాయన, "లోపల చెత్తుండె అన్నా, తీసి పారేసిన" అన్నడు.

గిటారన్న చెత్తడబ్బా బోర్లించి, దేవులాడి, దొరికిన కొమ్మును అంగికి తుడిచి మళ్ల అదే సందుల ఏసిండు. గిటారుకు అప్పటికింకా తీగెలు గూడ ఎక్కియ్యలేదు. చెవికాడ పెట్టుకొని ఊపిండు.

"ఆఁ, ఇప్పుడు శ్రుతైంది" అన్నడు.