గీత కలవని ముగ్గు

దయ్యాలు, శకునాలు, చనిపోయినవాళ్ళు కలలోకొచ్చి చెప్పడాలు... వీటిలో ఏదీ నమ్మే మనిషిని కాను నేను. మార్కాపురంలో మాకు గాజుల దుకాణం ఉంది. పొద్దున్నే పిల్లి ఎదురొచ్చిందని మా ఆయన వెనక్కి తిరిగితే, పిల్లికీ ఏదో పనుంటుందిలే అని నేనే వెళ్ళి తాళం తీసే రకాన్ని. ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

నాకున్న పిచ్చి ఒక్కటే, మెలికల ముగ్గులు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ పోయి, చివరికి మొదలుపెట్టిన చోటే కలపాలి. ఇదే పిచ్చి ఉన్న పదకొండు మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉండేవాళ్ళం. యర్రగొండపాలెం నుంచి ఒకామె, త్రిపురాంతకం నుంచి ఇద్దరు, బెంగుళూరు నుంచి ఒకామె, ఇట్లా. గ్రూపు పెట్టింది గిద్దలూరు రాజేశ్వరక్క.

ఏళ్ళ తరబడి పరిచయమే గానీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ముగ్గుల వీడియోల్లో కనబడేవి చేతులే కదా. రాజేశ్వరక్క చూపుడువేలు కాస్త వంకర, చేతినిండా ఆకుపచ్చ మట్టిగాజులు. నోరు మాత్రం గట్టిది. గుడ్ మార్నింగ్ పువ్వులు పంపితే మొహమాటం లేకుండా గ్రూపులోంచి పీకేసేది. గీత కలవకపోతే ఇంకా కోపం. కలవని ముగ్గు వాకిట్లో ఉంటే ఇంటికి మంచిది కాదని ఆమె పట్టు. నాకా నమ్మకం లేకపోయినా ఆమె తిట్లకు జడిసి కలిపేదాన్ని.

అట్లాంటి అక్కకు క్యాన్సర్ వచ్చింది. బయటపడేసరికే ముదిరిపోయింది. కర్నూలు తిప్పారు, హైదరాబాదు తిప్పారు, చివరికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వంగి చుక్క పెట్టలేని స్థితిలో కూడా మా ముగ్గులకు వంకలు పెట్టడం మానలేదు.

ఒకరోజు నాకొక్కదానికే వాయిస్ మెసేజ్ పంపింది.

"అమ్మాయ్, పోయేదానికి నాకు భయంగా ఉంది. కళ్ళు మూస్తే నాలుగు పక్కలా గోడలే. ఎట్ల పోవాలో తెలీడం లేదు. ఇంట్లోవాళ్ళకు చెప్తే ఏడుస్తారు."

దుకాణంలో నిలబడే విన్నాను. ఏమీ కాదులే అక్కా అని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

అక్కకు తెలియకుండా మిగతా పదిమందిమీ ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఆమె ఎప్పుడో సొంతంగా కూర్చిన ముగ్గు ఒకటుంది, ఆమెకు ప్రాణం. అందరం ఒకే తెల్లవారుజామున మా మా వాకిళ్ళలో అదే వేయాలి, అందరివీ అయ్యాకే ఫోటోలు గ్రూపులో పెట్టాలి అనుకున్నాం. అక్కకు మేం చేయగలిగిన వీడ్కోలు అదే. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

ముందురోజు పలక మీద సాధన చేశాను. పలకలకు పేరుపడ్డ మా ఊళ్ళో వాటికేం కరువు. గీసిన ప్రతిసారీ గీత కలిసింది. అక్క వేసిన అసలు ముగ్గు ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అందులోనూ గీత కలిసే ఉంది. ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

అనుకున్నట్టే ముగ్గు వేశాను, ఫోటో పెట్టాను. మిగతావాళ్ళవీ వచ్చాయి. యర్రగొండపాలెం ఆమెది పెద్దది చేసి చూస్తే, పైన కుడిపక్క మెలిక దగ్గర గీత కలవలేదు. బొటనవేలంత ఖాళీ. ఇవ్వాళే తప్పాలా అని విసుక్కున్నాను. త్రిపురాంతకం వాళ్ళవి చూశాను. అదే చోట, అంతే ఖాళీ. బెంగుళూరుదీ అంతే. పరుగెత్తుకుంటూ వాకిట్లోకి వెళ్ళి నాది చూసుకున్నాను. నాదీ కలవలేదు.

చీకట్లో కనబడలేదందామంటే ఒకరిద్దరికైతే సరే, పదిమందికీనా? ఒకరిని చూసి ఒకరు వేశారందామంటే, ఫోటోలు ముందుగా ఎవరూ పెట్టలేదు. ఫోన్లు చేసి అడిగితే అందరూ కలిపామనే ఒట్టేసి చెప్పారు. నాకూ కలిపినట్టే గుర్తు.

పోయే మనిషికి అశుభం చూపించామే అని త్రిపురాంతకం వాళ్ళలో ఒకామె ఏడ్చింది. అప్పటికే అక్క ఫోటోలన్నీ చూసేసింది. ఒక్క మాటా రాయలేదు. తప్పు కనబడితే నిమిషం ఊరుకోని మనిషి. శకునాలు నమ్మనని గొప్పలు పోయే నేను, దుకాణం మా ఆయనకు అప్పగించి గిద్దలూరు బస్సెక్కాను. కంభం దాటినా ఏం చెప్పుకోవాలో తేలలేదు.

అక్క కూతురు తలుపు తీసింది. మంచం మీదున్న మనిషి మొహం నాకు కొత్త. దుప్పటి మీది చెయ్యి మాత్రం నాకు బాగా తెలుసు. చిక్కిపోయిన చేతికి గాజులు జారిపోకుండా దారం కట్టారు. ఆ వంకర వేలు చూడగానే ఏడుపు ఆగలేదు. చెయ్యి పట్టుకుని, తప్పైపోయిందక్కా అన్నాను.

అక్క నవ్వింది. ఫోనులో నా ముగ్గు తీసి, గీత వెంబడే వేలు తిప్పుకుంటూ వచ్చింది. ఖాళీ దగ్గర ఆగకుండా అందులోంచి వేలిని బయటికి పోనిచ్చి, ఫోను అంచు దాటించింది.

"తప్పేంది అమ్మాయ్? పదిమందీ నాకు దోవ విడిచినారు. ఇంక భయం లేదు."

పొద్దున ఫోటోలు చూశాక అమ్మ తనంతట తానే ఇడ్లీ అడిగి తిన్నదని, అట్లా అడిగి ఎన్నాళ్ళైందోనని కూతురు చెప్పింది. సాయంత్రం దాకా అక్క పక్కనే కూర్చున్నాను. గ్రూపులో ఎవరి గీత ఎంత వంకరో చెప్పుకుని బాగా నవ్వుకున్నాం. లేచేటప్పుడు అలవాటుగా, పోయొస్తా అక్కా అన్నాను.

"మంచిది. నేనూ పోయొస్తా" అన్నది.

కొన్ని వారాలకు నిద్రలోనే వెళ్ళిపోయింది. మొహం తేటగా ఉందని కూతురు చెప్పింది.

పెద్దకర్మ అయ్యాక, అక్క గుర్తుగా అదే ముగ్గు మళ్ళీ వేద్దామని, ఈసారి కావాలనే ఆ ఖాళీ వదులుదామని అనుకున్నాం. బాగా తెల్లారనిచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. ఆ మెలిక దగ్గర ఆపాలనే అనుకున్నాను. వేళ్ళు ఆగలేదు, గీత కలిసిపోయింది. చెరిపి మళ్ళీ వేశాను. మళ్ళీ కలిసిపోయింది. లోపలికొచ్చి గ్రూపు తెరిస్తే, పది ముగ్గుల్లోనూ గీత కలిసే ఉంది.

మా అందరి చేతులనూ ఆ రోజు ఆపిందెవరో, ఈ రోజు ఆగనివ్వనిదెవరో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆ పొద్దున ముగ్గు ముందు కూర్చుని ఏడ్చాను గానీ దిగులుతో కాదు. అక్క దాటిపోయింది. ఇంక ఆ దోవతో ఆమెకు పని లేదు.