ఫార్మాట్ కొట్టించను

మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నేరం వాన మీదికో, బయట తిన్న మిర్చి బజ్జీ మీదికో పోతుంది. కంప్యూటర్‌కు జబ్బు చేస్తే మాత్రం నా మీదికే వస్తుంది. దాని ముందు కూర్చునేది నేను కాబట్టి.

మేం ఉండేది మేడ్చల్‌లో. కింద మేం, పైన మా బావ, అంటే మా ఆయన అన్న. సొంతూరు రావల్కోల్. అక్కడి భూములను ప్లాట్లు చేసి అమ్మడం బావ పని. ముందు గదిలో ఓ మూల కూర్చుని తెలుగు టైపింగ్ చేయడం నా పని. పెళ్లి కార్డులు, షామీర్‌పేట బడి ప్రశ్నపత్రాలు, గండిమైసమ్మ దగ్గరి ప్రెస్సుకు కరపత్రాలు. ఆ మూల మీద బావకు మొదటి నుంచీ కన్నుంది. తన ఆఫీసు టేబుల్ అక్కడ వేస్తే రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపిస్తుందని ఆయన ఆశ.

ఆ ఏడాది నా చేతిలో ఉన్న పని వేరు. రావల్కోల్‌లో రిటైరైన సారు ఒకాయన, ఊరి పొలాల పేర్లన్నీ నాలుగు నోటుబుక్కుల్లో రాసి తెచ్చాడు. ప్రతి మెట్ట చెలకకూ, ప్రతి మడికీ, ప్రతి బావికీ ఒక పేరు ఉండేదట. గొల్లోళ్ల బాయి, తుమ్మల మడి, అవుసలోళ్ల కుంట. ఆ పేరు ఎందుకొచ్చింది, ఎవరు దున్నేవారు అన్నది కింద నాలుగు ముక్కలు. నేను టైప్ చేస్తుంటే నాలుగు నెలల పాటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రాయనివి కూడా గుర్తొచ్చినకొద్దీ చెప్పాడు. సగానికి పైగా అలా ఆయన నోటి నుంచి నేరుగా కంప్యూటర్లోకి ఎక్కినవే.

"యాది తప్పుతాంది బిడ్డా, జల్దీ కానియ్యి" అనేవాడు పని ముగిసే రోజుల్లో. ఇంకో కాపీ తీసి దాచుకోవాలన్న బుద్ధి నాకు అప్పటికి లేదు.

ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే ప్రతి ఫోల్డర్ బొమ్మ మీదా చిన్న బాణం గుర్తు కనిపించింది. సారు ఫోల్డర్ నొక్కాను. నల్లటి డబ్బా ఒకటి తళుక్కుమని మాయమైంది, ఫైలు తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాను. అదీ అంతే. బుద్ధిమంతురాలిలా వరసగా అన్నిటినీ నొక్కాను. అది వైరస్ అనీ, నొక్కిన ప్రతిసారీ దానికే సాయం చేస్తున్నాననీ తర్వాత తెలిసింది. నాలుగు నెలల పని, ఆ ముసలాయన జ్ఞాపకం మొత్తం ఒక్క పొద్దున పోయిందనుకున్నాను.

బావ కిందికి దిగొచ్చి చూశాడు. "ఏడేడనో నొక్కుతవు, గందుకే గిట్లయితది. ఫార్మాట్ కొట్టిచ్చి ఎవలికన్న అమ్మేద్దాం. ఇగ నా టేబుల్ గీడ ఏస్త" అన్నాడు. పరామర్శ కూడా కాలేదు, అప్పుడే పంపకాలు.

సీపీయూను ఆటోలో ఒళ్లో పెట్టుకుని బజారులో ఉన్న రిపేరు షాపుకు తీసుకుపోయాను. షాపాయన ఒక్క నిమిషం చూశాడు.

"ఏమున్నదక్కా, ఫార్మాట్ కొడ్త. అర్ధగంట పని."

"మరి నా ఫైళ్లు?"

"అవి పోతయ్. మల్ల టైప్ చేస్కోరాదు?"

నాకు ఒళ్లు మండింది. యాది తప్పుతున్న ఆ సారును మళ్లీ చెప్పమని ఈయన అడుగుతాడా? అంతలో తెర మీద ఒక సంగతి కంటబడింది. ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు గానీ, డిస్క్ మాత్రం దాదాపు నిండుగానే ఉన్నట్టు చూపిస్తోంది. ఖాళీ అన్న బియ్యం డబ్బాను ఎత్తితే బరువుగా ఉంటే ఏమనుకుంటాం? లోపల బియ్యం ఉన్నాయనే కదా. "నేను ఫార్మాట్ కొట్టించను" అని చెప్పి, సీపీయూను మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

వచ్చీ రాగానే నెట్ వైరు పీకేశాను. చేయాల్సినవి ఫోన్‌లో చదువుతూ ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. యాంటీవైరస్ చూద్దామని తెరిస్తే అది ఆపేసి ఉంది. ఎవరు ఆపారో వెంటనే గుర్తొచ్చింది. లేఔట్ మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ ఎవరో ఊరికే ఇచ్చారని బావ తెచ్చి ఎక్కించుకున్నాడు. యాంటీవైరస్ ఆపితేనే ఆ దొంగ కాపీ ఎక్కుతుందన్నారు, ఆపేశారు. మళ్లీ పెట్టిన నాథుడు లేడు. ముందు ఆ సాఫ్ట్‌వేర్ తీసి పారేశాను. యాంటీవైరస్ మళ్లీ పెట్టి మొత్తం వెతికించాను. వంట అయింది, బట్టలు ఆరేశాను, అది ఇంకా వెతుకుతూనే ఉంది. చివరికి మూడు వైరస్‌లు దొరికాయి, మూడింటినీ తీసేయించాను. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి, ఇంకోసారి వెతికించాను. ఈసారి ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత, వైరస్ దాచేసిన ఫైళ్లను బయటికి రప్పించే కమాండ్ ఒకటి ఉంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. సారు ఫోల్డర్ బాణం గుర్తు లేకుండా కళ్ల ముందు నిలబడింది. తెరిచాను. గొల్లోళ్ల బాయి ఉంది. తుమ్మల మడి ఉంది. ఒంటరిగా కూర్చుని ఏడ్చాను, సిగ్గేమీ లేదు. ఆ రోజే కొత్త హార్డ్ డిస్క్ తెప్పించి అన్నీ కాపీ చేసి బీరువాలో పెట్టాను. ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చాను.

తలుపు తెరిచి పెట్టింది ఎవరో తెలిసింది. మరి దొంగ ఎటు నుంచి వచ్చాడు?

మా చుట్టాల్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లి వీడియో చేతికి రాగానే పెన్‌డ్రైవ్‌లో వేసి, లడ్డూల డబ్బా మీద పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. బొట్టు పెట్టించుకుని డబ్బా అందుకోవాలి. తెచ్చినవాళ్ల ముందే టీవీకో కంప్యూటర్‌కో పెట్టి, కాసేపైనా చూసి, చీరలు బాగున్నాయనాలి. వద్దంటే ఆ పెళ్లినే చిన్నచూపు చూసినట్టు. సోమవారానికి ముందురోజే మా ఆయన మేనత్త తన కూతురి పెళ్లి వీడియో తెచ్చింది. మాది పన్నెండో ఇల్లు. పెట్టింది నేనే, నా చేత్తోనే. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కాపీ చేసుకొమ్మని ఆవిడ పెన్‌డ్రైవ్ ఇక్కడే వదిలి వెళ్లింది.

ఆ తర్వాతి ఆదివారం దాన్ని తీసుకుని పదమూడో ఇంటికి పోవడానికి ఆవిడ వచ్చింది. బావ కూడా దిగాడు. నేను దాచకుండా చెప్పేశాను. "అత్తమ్మా, దీంట్ల వైరస్ ఉంది. గిట్లనే ఇంకో ఇంటికి ఇయ్యకు."

ఆవిడ ముఖం మాడిపోయింది. బావ గొంతు పెంచాడు. "పెండ్లి వీడియోకు జబ్బు అంటగడ్తవా? పిల్ల కాపురానికి మంచిదేనా గది?"

మాట పెంచలేదు. యాంటీవైరస్ పెట్టి ఉన్న కంప్యూటర్‌కు ఇద్దరి ముందే పెన్‌డ్రైవ్ తగిలించాను. రెండు క్షణాల్లో ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వచ్చింది. నా కంప్యూటర్లో దొరికిన వైరస్‌లలో ఒకదాని పేరే, అక్షరం తేడా లేదు. మేనత్తకు ఆ అక్షరాలు చదవడం రాదు, ఎరుపు మాత్రం అర్థమైంది.

"అయితే నా బిడ్డ పెండ్లి పోయిందా?" అంది.

"పోలేదత్తమ్మా. దాచిపెట్టింది, అంతే." వైరస్‌ను తీసేయించి, వీడియోలను బయటికి రప్పించి, తలంబ్రాల దగ్గర ఆపి చూపించాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చేతిలో ఇంకో లడ్డూ పెట్టింది. మిగతా పదకొండు ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పమంటే చెప్పింది కూడా. ముగ్గురు ఆవిడతో మాట్లాడటం మానేశారు. నాతో అయితే ఐదుగురు.

ఆ సాయంత్రం బావ మ్యాపులు చూసుకుందామని కూర్చుంటే తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. "నా ఇంట్ల నాకే తాళమా?" అన్నాడు.

"ఇల్లు మీది బావా. కంప్యూటర్ నాది. మీకు వేరే ఖాతా పెట్టిన, అండ్ల సూస్కోండ్రి. కొత్తది ఎక్కియ్యాల్నంటే మాత్రం నన్ను అడగాలె." పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకు అంత పొడుగు మాట ఎన్నడూ చెప్పలేదు. ఆయన విసవిసా మెట్లెక్కి పోయాడు.

రెండు నెలలు పలకరింపులు పొడిపొడిగానే సాగాయి. ఆ తర్వాత ఒకరోజు కొత్త ప్లాట్ల కరపత్రం టైప్ చేయమని తెచ్చాడు. పెన్‌డ్రైవ్‌లో కాదు, చేత్తో రాసిన కాగితం. పైన ఏదో ఇంగ్లిష్ పేరు పెట్టాడు, కింద సర్వే నంబరు ఉంది. ఆ నంబరు నాకు బాగా తెలిసిందే, సారు ఒక చెలక పేరు పక్కన చెప్పిందే. సారు ఫైలు తెరిచి తెరను ఆయన వైపు తిప్పాను.

అక్కడ ఇలా ఉంది: నెమళ్ల చెలక. జొన్న కంకి మీద ఉన్నప్పుడు నెమళ్లు దిగేవి. వాటిని తోలడానికి ఎవరైనా పోతే ఆ చెలక పెద్దాయన తిట్టేవాడు, అవి తినగా మిగిలిందే మనదని అనేవాడు.

ఆ పెద్దాయన బావకు సొంత తాత. బావ నిలబడే రెండుసార్లు చదివాడు.

"మా తాత గిట్లనేటోడా? నాకు ఎవ్వలు చెప్పలే. నోటుబుక్కుల ఉన్నదా?"

"లేదు బావా. సారు నోటితోని చెప్పిండు. గిండ్లనే ఉంది. ఆనాడు ఫార్మాట్ కొట్టిస్తే గిది కూడ పోతుండె."