డబ్బాలో మట్టి, చెప్పుల కింద మట్టి

రెండేళ్లుగా మా బావమరిది సింహాచలంగాడి చేలో వేరుసెనగంతా గింజ కట్టని తాలుకాయలే. ఆటోనగర్‌లో నీళ్ల పీహెచ్ చూసే పని నాది కాబట్టి కాస్త మట్టి తెమ్మన్నాను. ఈ ఉదయం చేను చూసుకుని, అట్నుంచి అటే బస్సెక్కి, స్టీలు డబ్బాతో కూర్మన్నపాలెంలో మా ఇంటికి వచ్చాడు.

మట్టిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నీలం లిట్మస్ కాగితం ముంచాను. నీలంగానే ఉండిపోయింది. ఏ లోపమూ లేదు! తీరా చూస్తే మట్టి నిండా గడ్డిపరకలు, పేడ ముక్కలు.

“ఏట్రా, ఇది చేలోదేనా?”

“పెంటకుప్ప పక్కది బావా. మీ ఇంటికి తెత్తన్నాను కదా, పాడు మట్టి ఏటి తెత్తానని మంచిది తెచ్చినాను.”

నాకు నవ్వాగలేదు. గుమ్మం దగ్గర వాడి చెప్పులకు చేలో బురద ఇంకా అంటుకునే ఉంది. అట్లకాడతో గీకి, నీళ్లలో కలిపి, కొత్త కాగితం ముంచాను. చూస్తుండగానే ఎర్రబడింది! నేలలో ఆమ్లం ఎక్కువైంది!

“సున్నం ఎయ్యాల్రా!” అని వీధంతా వినబడేలా అరిచాను. వాడు ఆ తడి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, పెళ్లానికి చూపిస్తాడట.

డాక్టరుకు బాగున్న చెయ్యి చూపించే మనుషులు మీ ఇళ్లలోనూ ఉన్నారా? ఉంటే చెప్పండి. అట్లకాడ సంగతి మాత్రం మా ఆవిడకు చెప్పకండి.