తొంభై ఆరు చుక్కలు

ఆ రోజుల్లో నాకు రాని గీతంటూ లేదని నా నమ్మకం. బొగ్గుబావుల కాలనీలో పుట్టి, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, చంకలో డ్రాయింగ్ బోర్డు పెట్టుకొని బస్సెక్కితే జనం లేచి సీటిస్తారనుకునేదాన్ని (ఎవరూ ఇవ్వలేదు, బోర్డు మొహానికి తగిలిందని ఒకాయన తిట్టాడు కూడా). అలాంటి నాకు దొరికిన మొదటి కొలువు పెద్దపల్లి దగ్గర ఒక చర్చి వెనక గదిలో, లేసు అల్లేవాళ్లకు నమూనాలు గీసే పని. "వారం రోజులు చూస్తం. మంచిగ చేస్తే ఉంటవు, లేకుంటే లేదు" అంది పాస్టరమ్మ. నేనేమో కొలువు ఖాయమైపోయిందని కాలనీ అంతా చాటింపు వేసి వచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని తిరిగి వెళ్లను?

ఆ గదికి పెద్దదిక్కు లేసవ్వ. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గట్టి దిండు మీద మందపాటి కాగితం పరిచి, అందులోని రంధ్రాల్లో గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన కట్టెపుల్లలను ఆ సూదుల చుట్టూ అటూ ఇటూ మార్చుతూ పోతే లేసు తయారయ్యేది. కళ్లకు పొరలు కమ్మినా, అవ్వ వేలితో రంధ్రాలు తడుముకుంటూనే అల్లేది. ఆపరేషన్ మాటెత్తితే మాత్రం, "దవాఖానకు రానంటే రాను" అని మంకుపట్టు. క్రిస్మస్‌కు ప్రభుబల్ల మీద పరిచే గుడ్డకు నక్షత్రం కావాలి. "ఎనిమిది కొమ్ముల చుక్క గీయి బిడ్డా. కొమ్ముకు పన్నెండు చుక్కలు పెట్టు" అని నాకు చెప్పింది.

ముగ్గులేసే ఇంటి పిల్లయితే ఇట్టే పట్టేసేది. మా ఇంట్లో ముగ్గు వేయరు. మాకు చుక్కంటే క్రిస్మస్ పండక్కి గుమ్మానికి కట్టే నక్షత్రమే (మందు చుక్క అనే ఇంకో అర్థం మా బాపు సోపతులకు బాగా తెలుసు, అది వేరే సంగతి). కంపాస్‌తో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు గీశాను. నడిమి నుంచి నలభై అయిదు డిగ్రీలకొక గీత లాగాను. కొమ్ముకు పన్నెండు చొప్పున తొంభై ఆరు బుల్లి నక్షత్రాలు వేసి, ప్రతి నక్షత్రం ప్రతి కొనకూ సూదితో రంధ్రం పొడిచాను. అయిదు రోజులు తల ఎత్తలేదు.

ఆరో రోజు పాస్టరమ్మ ఎదుటే లేసవ్వ ఆ కాగితాన్ని తడిమి చూసింది. వేలు ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా, కాయితానికి తట్టు పోసిందా?"

"నువ్వు చెప్పినట్టే చుక్కలు పెట్టిన అవ్వా."

"చుక్కంటే సూది గుచ్చే బొక్కనే పిల్లా! నువ్వు ఆకాశం మొత్తం దించినవు గదనే!"

గదిలో వాళ్లంతా పుల్లలు వదిలేసి పడీపడీ నవ్వారు. పాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "గీ పిల్లతోని కాదుగని" అని మొదలుపెట్టగానే లేసవ్వ అడ్డుపడింది. "దాన్నేమనకు పాస్టరమ్మా. కండ్లు గనవడక నేనే ఒకటనుకొని ఇంకోటి చెప్పిన." కాదు, తప్పు నాదే అనాలి నేను. కానీ కొలువు పోతుందని భయం. తల వంచుకొని నిలబడ్డాను.

ఆ సాయంత్రానికే సరైన నమూనా గీసిచ్చాను, కొలువు నిలిచింది. కానీ పాస్టరమ్మ ఊరుకోలేదు. "నీ కండ్లు పోయినయని నువ్వే ఒప్పుకున్నవు గదా" అని లేసవ్వను ఆ వారమే కరీంనగర్ దవాఖానకు లాక్కుపోయింది. నా పాపానికి ముసలమ్మ కంటికి కత్తి పెడుతున్నారని నాకు అన్నం సహించలేదు.

లేసవ్వ నల్లద్దాలతో తిరిగొచ్చిన రోజే దగ్గరికి వెళ్లి ఏడ్చేశాను. "తప్పు నాదే అవ్వా. గారోజు నోరిప్పలే."

"ఎర్కేనే. నువ్వు నోరు మూసుకున్నందుకే గదా నా కండ్లు తెరుసుకున్నయి!"

ఆ తర్వాత చాలా చోట్ల నా తప్పులు వెంటనే ఒప్పేసుకున్నాను. వాటి వల్ల ఎవరికీ ఇంత మేలు జరగలేదు. అయినా తల వంచుకొని నిలబడిన ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది.